రెప్ప మీద గడ్డ: కాపడం పెట్టండి... కనిపెట్టి ఉండండి!

పెళ్లి ఇంక అయిదు రోజులుంది. ఇల్లంతా చుట్టాలు. పొద్దున్నే లేచి అద్దం చూసుకున్న పెళ్లికూతురు ఒక్కసారిగా కెవ్వుమంది. కుడికన్ను పైరెప్ప వాచి ఉంది. వెంట్రుకల మొదట్లో ఎర్రగా, కందిగింజంత కురుపు. ముట్టుకుంటే ఒకటే సలుపు. అంతే, ఇంట్లో ఉన్నవాళ్లంతా వైద్యులైపోయారు. 'బట్టలు కొనాలని నాలుగు రోజులు ఎండలో తిరిగింది, వేడి చేసింది' అంటూ అమ్మమ్మ నందివర్ధనం పూలు తెచ్చి కంటి మీద పెట్టింది. మేనత్త ఐసుముక్క గుడ్డలో చుట్టి తెచ్చింది. పక్కింటావిడ లవంగం అరగదీసి పట్టు వేయమంది. బాబాయి మందుల షాపుకి వెళ్లి ఏవో చుక్కలు పట్టుకొచ్చాడు. సాయంత్రం ఎవరో 'చీము పట్టింది, నొక్కేస్తే పోతుంది' అని రెండు గోళ్ల మధ్య పెట్టి నొక్కారు. మర్నాటికి కన్ను తెరవలేనంత వాపుతో ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చింది.

ఇంతమంది ఇన్ని చెప్పారు. ఆ కురుపుకి నిజంగా కావలసిన పని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అది ఖర్చు లేనిది, ప్రతి ఇంట్లోనూ చేసుకోగలిగింది... వేడి కాపడం! కంటి మీద ఏది లేచినా మనం 'వేడి చేసింది' అనుకుని చలవ చేస్తాం. చిత్రమేమిటంటే రెప్ప మీద వచ్చే కురుపులకూ గడ్డలకూ కావలసింది చలవ కాదు, వేడే. ఎందుకో తెలియాలంటే ముందు మన రెప్పలో ఏముందో తెలుసుకోవాలి.

అన్నట్టు, పెళ్లికూతురికి ఏమైందంటారా? మందులు వాడి, కాపడం పెట్టుకుంటే పెళ్లినాటికి వాపు చాలావరకు తీసింది. తలంబ్రాల వేళకు కన్ను తెరుచుకుంది. ఫొటోల్లో మాత్రం కుడికన్ను కాస్త చిన్నగా కనిపిస్తుందని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటుంది.

రెప్పలో నూనె గ్రంథులు

రెప్ప అంటే ఒట్టి చర్మపు మడత అనుకుంటాం. కానీ దాని లోపల అట్టముక్కలా గట్టిగా ఉండే ఒక పలక ఉంటుంది. రెప్పకు ఆకారం ఇచ్చేది అదే. ఆ పలకలో దువ్వెన పళ్లలాగా నిలువుగా, పక్కపక్కనే సన్నటి నూనె గ్రంథులుంటాయి. పైరెప్పలో 25 నుంచి 40 దాకా, కిందిరెప్పలో 20 నుంచి 30 దాకా. జర్మనీకి చెందిన హైన్రిక్ మైబోమ్ అనే వైద్యుడు 1666లో వీటిని వివరంగా వర్ణించాడు. అందుకే వీటిని మైబోమియన్ గ్రంథులంటారు. వీటి మూతులన్నీ రెప్ప అంచున, వెంట్రుకల వరుసకు కాస్త వెనకగా, కంటివైపు తెరుచుకుని ఉంటాయి. కంటికి కనిపించీ కనిపించనంత చిన్న చుక్కల్లా ఉంటాయి.

మనం రెప్ప వేసినప్పుడల్లా ఈ గ్రంథుల నుంచి కొంచెం నూనె బయటికొస్తుంది. చారు మీద పోపునూనె తేలినట్టు అది కన్నీటి మీద పల్చటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర ఉంటేనే కన్నీరు త్వరగా ఆవిరైపోకుండా కన్ను తడిగా, హాయిగా ఉంటుంది. అది సరిగా లేకపోతే కళ్లు మండుతాయి. ఇసుక పడినట్టు గరగరలాడతాయి. ఒక్కోసారి ఊరికే నీళ్లు కారతాయి కూడా.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ నూనె పల్చగా, తేటగా ఉంటుంది. కొందరిలో అది చిక్కబడి, పేస్టులా తయారవుతుంది. చలికాలం సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టడం చూశారుగా, అలాగన్నమాట. అప్పుడు గ్రంథి మూతి పూడుకుపోతుంది. లోపల నూనె ఊరుతూనే ఉంటుంది, బయటికి దారి ఉండదు. ఇక అక్కణ్నుంచి కథ మొదలు.

గడ్డకట్టిన కొబ్బరినూనెను ఏం చేస్తాం? సీసాను కాసేపు ఎండలోనో వేణ్నీళ్లలోనో పెడతాం. కాపడం వెనక ఉన్న కిటుకు అదే. ఐసు పెడితే? నూనె ఇంకా గట్టిపడుతుంది!

కురుపు వేరు, గడ్డ వేరు

రెప్ప మీద లేచేవన్నీ ఒకటి కావు. ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది కంటి కురుపు. స్టై అంటారు. రెప్పవెంట్రుకల మొదళ్ల దగ్గర కూడా చిన్న చిన్న నూనె గ్రంథులు, చెమట గ్రంథులు ఉంటాయి. వాటిలోకి సూక్ష్మక్రిములు చేరి చీము పడితే వచ్చేది ఇది. ఎక్కువసార్లు ఈ పని చేసేది మన చర్మం మీద, ముక్కులో మామూలుగానే ఉండే స్టెఫైలోకాకస్ అనే క్రిమి. ఇది ఒకటి రెండు రోజుల్లోనే లేస్తుంది. ఎర్రగా ఉంటుంది, నొప్పి పెడుతుంది. ఒక్కోసారి లోపలి మైబోమియన్ గ్రంథిలోనే చీము పడుతుంది. అప్పుడు నొప్పి మరీ ఎక్కువ. మామూలుగా కురుపు వారం, పది రోజుల్లో దానంతటదే చితికి, నయమైపోతుంది.

రెండోది రెప్పగడ్డ. దీన్ని కెలేజియన్ అంటారు. ఇది నెమ్మదిగా, వారాల తరబడి పెరుగుతుంది. మొదట్లో కాస్త వాపు ఉన్నా తర్వాత నొప్పి ఉండదు. వేలితో తడిమితే రెప్ప లోపల శనగగింజలా గట్టిగా తగులుతుంది. మీది చర్మం దాని మీద జారుతుంటుంది. ఇందులో క్రిములు లేవు. పూడుకుపోయిన గ్రంథి పగిలి, నూనె పక్కనున్న కండలోకి ఊరితే శరీరం దాన్ని పరాయి వస్తువుగా భావిస్తుంది. చుట్టూ గోడ కట్టేస్తుంది. ఆ గోడే గడ్డ. అందుకే కెలేజియన్‌కి యాంటీబయాటిక్ మాత్రలు ఎన్ని మింగినా పెద్ద ప్రయోజనం ఉండదు.

పేర్లలో కూడా ఈ తేడా ఉంది. కురుపుకి వైద్యశాస్త్రంలో హార్డియోలం అని పేరు. లాటిన్‌లో బార్లీగింజ అనే మాట నుంచి వచ్చింది. కెలేజియన్ గ్రీకు మాట. చిన్న వడగల్లు అని అర్థం. రెండూ వేలితో తడిమి చూసినవాళ్లు పెట్టిన పేర్లే!

ఎవరికి ఎక్కువ?

వీటికి వయసుతో పని లేదు. పిల్లలకూ వస్తాయి, పెద్దలకూ వస్తాయి. అయితే కొందరిలో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. తలలో చుండ్రు, చర్మం జిడ్డుగా ఉండటం, రెప్ప అంచుల్లో ఎరుపు, వెంట్రుకల మొదట్లో పొట్టు... ఇవి ఉన్నవాళ్లు మొదటివరసలో ఉంటారు. మాటిమాటికీ కళ్లు నులిమే అలవాటుంటే చేతుల మీది క్రిములు నేరుగా రెప్పకు చేరతాయి. కాటుకను రెప్ప లోపలి అంచున, సరిగ్గా గ్రంథుల మూతుల మీద దిద్దుకుంటే అవి మూసుకుపోవచ్చు. రాత్రి మేకప్ తీయకుండా పడుకోవడమూ అంతే. మధుమేహం అదుపులో లేనివారిలో కురుపులు తరచూ వస్తుంటాయి. ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటే ఒకసారి రక్తంలో షుగరు చూపించుకోవడం మంచిది. కురుపు కోసం వచ్చి షుగరు బయటపడినవాళ్లు నాకు తెలుసు.

కంప్యూటర్, సెల్‌ఫోన్ సంగతి కూడా చెప్పాలి. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. తెర చూస్తున్నప్పుడు అది సగానికి, అంతకంటే తక్కువకు కూడా పడిపోతుంది. వేసినా సగం సగమే వేస్తాం. రెప్ప పూర్తిగా పడితేనే గ్రంథుల నుంచి నూనె బయటికొస్తుంది. కాబట్టి పని మధ్యలో అప్పుడప్పుడు ఆగి, రెండు రెప్పలూ తాకేలా పదిసార్లు నిదానంగా మూసి తెరవండి.

కాపడం ఇలా...

'పెట్టామండీ, తగ్గలేదు' అని చాలామంది అంటుంటారు. ఎలా పెట్టారని అడిగితే 'పొద్దున స్నానం చేసేటప్పుడు వేణ్నీళ్లు కొట్టుకున్నా' అంటారు. అది కాపడం కాదు. కాపడానికి ఒక పద్ధతి ఉంది.

ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒక గిన్నెలో ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు తీసుకోండి. శుభ్రమైన మెత్తటి గుడ్డను అందులో ముంచి, పిండి, ముందు మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోండి. అక్కడ సుఖంగా ఉంటేనే కంటికి. రెప్ప మీది చర్మం ఒంట్లో అన్నిటికన్నా పల్చనిది, త్వరగా కాలుతుంది. కళ్లు మూసుకుని గుడ్డను రెప్పల మీద ఆనించండి. తడిగుడ్డ ఒకటి రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచుకోవాలి. ఇలా అయిదు నుంచి పది నిమిషాలు. రోజుకు మూడు నాలుగుసార్లు. ఇదంతా వేడి లోపలి గ్రంథి దాకా చేరడానికే.

కాపడం అయిన వెంటనే, నూనె కరిగి ఉండగానే, రెప్పను మెత్తగా నిమరాలి. పైరెప్పను పైనుంచి కిందికి, కిందిరెప్పను కిందినుంచి పైకి. అంటే ఎప్పుడూ వెంట్రుకల వైపే. మెత్తగా అన్నాను, గట్టిగా నొక్కమని కాదు! నొప్పి, చీము ఉన్న కురుపునైతే నిమరనే వద్దు, కాపడం చాలు.

చివరగా శుభ్రం. కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్లలో దూదిని ముంచి రెప్ప అంచులు తుడవండి. పొట్టు ఎక్కువగా ఉంటే ఆ నీళ్లలో రెండు చుక్కలు బేబీ షాంపూ కలుపుకోవచ్చు. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడొద్దు. ఇంట్లో ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడొద్దు.

కురుపైతే కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. గడ్డకు మాత్రం ఓపిక కావాలి. చాలావరకు కొన్ని వారాల్లో కరుగుతాయి. రెండు మూడు నెలలు పట్టినవీ ఉంటాయి. నాలుగు రోజులు చేసి మానేస్తే లాభం లేదు.

చిన్నపిల్లలకు పొగలు కక్కే నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని కాపడం పెట్టకండి. గిన్నె తన్నేసుకుని కాళ్లు కాల్చుకున్న పిల్లల్ని చూశాను.

ఇవి మాత్రం వద్దు

నొక్కడం, సూదితో గుచ్చడం అన్నిటికంటే ప్రమాదం. కురుపులో చీము బయటికి రాకుండా లోపలికి పాకితే రెప్ప మొత్తం, దాని వెనక కంటిగూడు కూడా చీముపట్టవచ్చు. ముఖం మీది రక్తనాళాలకు మెదడు దగ్గరి రక్తనాళాలతో సంబంధం ఉంది. అందుకే ఈ ప్రాంతంలో గిల్లుకోవద్దని వైద్యులు అంతగా చెబుతారు.

చనుబాలు, ఆకుపసరు, తేనె, ఆముదం... కంట్లో ఏవీ పోయొద్దు. అమ్మమ్మ పెట్టిన నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగా ఉంటాయేమో కానీ గడ్డను కరిగించవు. వాటి రసం కంట్లో పిండితే మాత్రం నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది.

మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవద్దు. వాటిలో స్టిరాయిడ్ ఉన్నవి వారాల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు. కురుపు తగ్గేదాకా కాటుక, మేకప్, కాంటాక్ట్ లెన్సులు పక్కన పెట్టేయండి.

జ్వరం వచ్చినా, రెప్ప మొత్తం ఎర్రగా వాచి కన్ను తెరవలేకపోయినా, కన్ను కదిపితే నొప్పిగా ఉన్నా, కనుగుడ్డు ముందుకు వచ్చినట్టున్నా, చూపు మసకబారినా కాపడాలతో కాలక్షేపం చేయొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అందరూ అడిగేవి

మామిడిపళ్లు, ఆవకాయ తింటే వస్తుందా? వేసవిలో ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. ఫలానాది తింటే రెప్పగడ్డ వస్తుందని రుజువేమీ లేదు. మామిడిపండు తినండి. తిన్న చేత్తో కళ్లు నులమకండి.

కురుపు ఉన్నవాళ్లను చూస్తే అంటుకుంటుందా? చూస్తే అంటుకోదు. కళ్లకలక లాగా ఇంటిల్లిపాదికీ పాకేదీ కాదు. కానీ చీములో క్రిములుంటాయి కాబట్టి తువ్వాలు, కాటుక డబ్బా వేరుగా ఉంచుకోవాలి.

మా ఆరేళ్ల బాబుకి రెండు నెలలుగా గడ్డ ఉంది, నొప్పి లేదు కదా, వదిలేయొచ్చా? వదిలేయకండి, ఒకసారి చూపించండి. పైరెప్పలో పెద్ద గడ్డ ఉంటే అది నల్లగుడ్డును నొక్కి దాని వంపును మార్చేస్తుంది. దాంతో చూపు మసకేస్తుంది. పెద్దవాళ్లలో గడ్డ పోతే ఇది చాలావరకు సర్దుకుంటుంది. చూపు ఇంకా రూపుదిద్దుకునే వయసు పిల్లల్లో, అంటే ఏడెనిమిదేళ్ల లోపు, ఎక్కువకాలం అలాగే ఉంటే ఆ కన్ను మందగించే ప్రమాదం ఉంది. తరచూ కళ్లు నులిమే పిల్లలకు చూపు పరీక్ష కూడా చేయించాలి. అద్దాలు అవసరమైన పిల్లలు సరిగా కనపడక నులుముకుంటుంటారు.

కరగకపోతే?

కాపడంతో రెండు మూడు నెలలైనా కరగని గడ్డను చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు. 'కంటికి కత్తి' అనగానే భయపడతారు కానీ ఇది పది, పదిహేను నిమిషాల పని. చుక్కలు వేసి, రెప్పకు మత్తు సూది ఇస్తారు. సూది గుచ్చినప్పుడు ఆ ఒక్క క్షణం నొప్పి తెలుస్తుంది. తర్వాత రెప్పను తిరగేసి, లోపలివైపు చిన్న గాటు పెట్టి, బుల్లి చెంచాలాంటి పనిముట్టుతో గడ్డను గోకి తీసేస్తారు. గాటు లోపలే కాబట్టి ముఖం మీద మచ్చ పడదు. సాధారణంగా కుట్లు అక్కర్లేదు. కొద్ది గంటలు కట్టు ఉంచుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. చిన్నపిల్లలు కదలకుండా ఉండలేరు కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలి. అందుకే వాళ్లలో వీలైనంత వరకు కాపడంతోనే చూస్తాం.

కొందరికి గడ్డలోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అదీ బాగానే పనిచేస్తుంది. కానీ మనలాంటి చామనఛాయ చర్మం మీద, సూది వేసినచోట తెల్లటి మచ్చ పడే అవకాశం ఉంది. ఆ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

మళ్లీ అక్కడే వస్తే...

ఇప్పటిదాకా చెప్పింది నూటికి తొంభైతొమ్మిది మంది కోసం అనుకోండి. మిగిలిన ఆ ఒక్కరి కోసం ఒక పెద్దావిడ సంగతి చెప్పాలి. ఇది చెప్పడం నాకు అంత సులువు కాదు.

ఆమెకు అప్పుడు 62 ఏళ్లు. ఎడమకంటి పైరెప్పలో గడ్డ. వాళ్ల ఊరికి దగ్గరలోని పట్నంలో ఒకసారి తీయించుకుంది. ఎనిమిది నెలలకు అదేచోట మళ్లీ వచ్చింది. రెండోసారి తీసింది నేనే. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. 'మామూలు గడ్డే అమ్మా, కొందరికి ఇలా మళ్లీ వస్తుంటుంది' అని ధైర్యం చెప్పాను. తీసినదాన్ని దూదితో తుడిచి పారేశాను.

అయిదు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి కూతురు వెంట ఉంది. 'డాక్టరుగారూ, అమ్మకు అక్కడ రెప్పవెంట్రుకలు లేవు. పండక్కి కాటుక పెడుతుంటే చూశాను' అందా అమ్మాయి. నిజమే. గడ్డ ఉన్న మేరకు అయిదారు వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి. పెద్దావిడ 'వయసుకి ఊడాయేమో అనుకున్నా' అంది. గడ్డ కూడా ముందులా గుండ్రంగా లేదు. పసుపురంగులో, అంచులు కలిసిపోయి, గట్టిగా ఉంది. మా పెద్ద డాక్టరుగారిని పిలిచి చూపించాను. ఆయన చూసి ఒక్క మాటే అన్నారు: 'పోయినసారి ముక్క ఏమైంది?' నా దగ్గర జవాబు లేదు.

ఈసారి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాం. సెబేషియస్ గ్లాండ్ కార్సినోమా అని వచ్చింది. అంటే అదే నూనె గ్రంథిలో పుట్టిన క్యాన్సర్.

పైరెప్పలో మూడోవంతు తీసేయాల్సి వచ్చింది. అప్పటికింకా ఎక్కడికీ పాకలేదు. మిగిలిన రెప్పను సర్ది కలిపారు. కన్ను దక్కింది, చూపు దక్కింది. కట్టు విప్పిన రోజు ఆమె నన్ను అడిగింది: 'బాబూ, అప్పుడు నువ్వు తీసినప్పుడే ఆ పరీక్ష చేయించి ఉంటే ఇంత రెప్ప పోయేది కాదు గదా?'

'అవునమ్మా' అన్నాను. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఆ రోజు నుంచి మళ్లీ వచ్చిన ఏ గడ్డనూ పరీక్షకు పంపకుండా పారేయలేదు.

మన దగ్గర ఇది ముఖ్యం

పాశ్చాత్య దేశాల్లో రెప్పకు వచ్చే క్యాన్సర్లలో ఈ రకం చాలా అరుదు. అక్కడ ఎక్కువగా వచ్చేది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మపు రకం. మన దగ్గర పరిస్థితి వేరు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు రెప్ప క్యాన్సర్ ఉన్న 536 మంది భారతీయుల వివరాలను 2019లో ప్రచురించారు. వారిలో సగానికి పైగా ఈ నూనె గ్రంథి క్యాన్సరే. దీనికి మారువేషాల్లో దిట్ట అని పేరు. ఒకసారి మామూలు గడ్డలా, ఇంకోసారి తగ్గని కళ్లకలకలా కనిపిస్తుంది. అందుకే ఎందరిలోనో నెలల తరబడి బయటపడదు. ఆలస్యమైతే చెవి ముందు, మెడలో ఉండే గ్రంథులకు, తర్వాత ఒంట్లోకి పాకుతుంది. తొందరగా పట్టుకుంటే కోసి తీసేసి నయం చేయగలిగిన జబ్బు. తేడా అంతా ఆ కొద్ది నెలల్లోనే ఉంది.

ఇది చదివి, రెప్ప మీద చిన్న కురుపు లేచిన ప్రతివాళ్లూ క్యాన్సరని కంగారు పడనక్కర్లేదు. పాతికేళ్ల అమ్మాయికి నిన్న లేచిన నొప్పికురుపు మామూలు కురుపే. అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి:

* యాభై దాటిన వయసులో గడ్డ, ఒకసారి తీసినా మళ్లీ అదేచోట రావడం.
* గడ్డ ఉన్నచోట రెప్పవెంట్రుకలు ఊడిపోవడం.
* గడ్డ పసుపురంగులో గట్టిపడటం, మీద పుండు పడటం, రక్తం రావడం.
* ఒకే కన్ను, చుక్కలు ఎన్ని వేసినా నెలల తరబడి ఎర్రగానే ఉండటం, రెప్ప అంచు మందంగా మారడం.
* చెవి ముందు గానీ, దవడ కింద గానీ బిళ్ల తగలడం.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కాపడం పెడుతూ కూర్చోవద్దు. కంటి డాక్టరుకు చూపించండి.

ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి ఒక మాట. నొప్పి లేని గడ్డను వాళ్లు ఎవరికీ చెప్పరు. 'ఈ వయసులో నా కంటికేంలే' అనుకుంటారు. అద్దంలో తమ రెప్పవెంట్రుకలు వాళ్లకు సరిగా కనపడవు కూడా. ఈ ఆదివారం తీరిగ్గా కూర్చున్నప్పుడు అమ్మ కళ్లు, నాన్న కళ్లు వెలుతురులో ఒకసారి చూడండి. ఆ పెద్దావిడ జబ్బును ముందుగా కనిపెట్టింది డాక్టర్లు కాదు, కాటుక పెట్టిన కూతురు.

ఇక ఎవరికైనా రెప్పగడ్డ తీయించాల్సి వస్తే, ముఖ్యంగా అది రెండోసారైతే, బల్లెక్కే ముందు డాక్టరుగారిని మొహమాటపడకుండా ఒక్క ప్రశ్న అడగండి: 'తీసింది పరీక్షకు పంపుతున్నారా?'

మంచి డాక్టరు ఎవరూ ఆ ప్రశ్నకు కోప్పడరు. నన్ను ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.